సీలు తెగలేదు, తొమ్మిది డ్రమ్ములు మాత్రం లేవు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర చిన్న మామిడి గుజ్జు వ్యాపారం. జూన్ 24న 70 డ్రమ్ములు నాగపూర్‌లోని ఒక జ్యూస్ కంపెనీకి కంటైనర్ లారీలో పంపాను. లారీ రసీదులో 70 డ్రమ్ములు, కిరాయి 58 వేలు అని ఉంది. తలుపులకు సీలు మా వాళ్లే వేశారు. 30న లారీ చేరింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సీలు బాగుందని రసీదు మీద ముద్ర వేసి సంతకం పెట్టాడు. మర్నాడు దించి లెక్కపెడితే 61 డ్రమ్ములే ఉన్నాయి. కంపెనీ మా బిల్లులో 1,30,000 రూపాయలు కోసేసింది. ట్రాన్స్‌పోర్ట్ ఆయన మా ఊరివాడే, పదేళ్ల పరిచయం, మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేసిన మనిషి. ‘సీలు తెగలేదు కదన్నా, మీవాళ్లే తక్కువ ఎక్కించి ఉంటారు. అయినా సంక్రాంతికి కూర్చుని సెటిల్ చేద్దాంలే’ అంటున్నాడు. అప్పు తెచ్చి పెట్టిన డబ్బు. ఈ టెన్షన్‌తో నాన్నకు బీపీ కూడా పెరిగింది. సీలు తెగనప్పుడు కేసు నిలబడదా? సరుకు తగ్గిందని తెలిసింది జులై 1న కాబట్టి డిసెంబర్ నెలాఖరు దాకా గడువు ఉందనుకుంటున్నాను. రసీదులో సీలు నంబరు రాయలేదు, మా కాపీలో ఇప్పుడు రాసుకోమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. లోడింగ్ అప్పుడు, అక్కడ దించేముందు తీసిన ఫోటోలు రెండు పంపుతున్నాను. (ఒక పాఠకుడు, చిత్తూరు)

జవాబు: ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆయన పదేళ్ల పరిచయం ఉండి కూడా నమ్మకద్రోహం చేశాడని మీ బాధ. దాంతో కోర్టుకు పని లేదు, నాకూ లేదు. మీరు చివర్లో ‘ఫోటోలు రెండు పంపుతున్నాను’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతి మాత్రం మీ కేసుకు ప్రాణం. వాటిని మీరు సరిగా చూసినట్టు లేరు.

ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. రెండు ఫోటోల్లోనూ ఉన్నది పసుపు రంగు బోల్ట్ సీలే, ఒకే రకం. కానీ చిత్తూరులో తీసిన ఫోటోలో సీలు నంబరు 4171తో ముగుస్తోంది. నాగపూర్‌లో తీసినదాంట్లో చివరి అంకెలు 0386. మీరు వేసిన సీలు అక్కడికి చేరనే లేదు. దారిలో ఎక్కడో దాన్ని కోసేసి, తలుపు తీసి, పని కానిచ్చి, అలాంటిదే ఇంకొకటి బిగించారు. గేటు దగ్గర ఆ మనిషి చూసింది సీలు బిగిసి ఉందా లేదా అన్నదే. నంబరు చూడలేదు. చూసినా దేనితో పోల్చాలి? రసీదులో మీరు రాయలేదుగా.

ఇక్కడ మిమ్మల్ని నాలుగు మాటలు అనక తప్పదు. సీలు వేస్తే దొంగ ఆగిపోతాడని చాలామంది వ్యాపారులు అనుకుంటారు. ఒక బోల్ట్ కట్టరు ఉంటే ఎంత గట్టి సీలైనా తెగుతుంది. అంతర్జాతీయంగా కంటైనర్ సీళ్లకు ఐఎస్‌ఓ 17712 అనే ప్రమాణం ఉంది. అందులో ఐ, ఎస్, హెచ్ అని మూడు తరగతులు. అన్నిటికంటే గట్టిదైన హెచ్ తరగతి సీలు కూడా చేతితో ఊడదంతే, కట్టరుకు లొంగుతుంది. దాని అసలు పని, ఎవరో తలుపు తెరిచారని తర్వాత మనకు చెప్పడం. ఆ చెప్పడం నంబరు వల్లే జరుగుతుంది. నంబరు రాసుకోకుండా వేసిన సీలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నిజానికి లేకపోవడమే మేలు, ఎందుకంటే ఇప్పుడు మీ సీలునే చూపించి ఎదుటివాడు మిమ్మల్ని దొంగను చేస్తున్నాడు. రెండు వందలు కూడా చేయని వస్తువుకు డబ్బు పెట్టారు, నాలుగు అంకెలు రాయడానికి పెన్ను తీయలేదు.

ట్రాన్స్‌పోర్ట్ ఆయన వాదన ఎలా ఉండబోతోందో ముందే చెబుతాను. సీలు తెగలేదు, కాబట్టి లోపలున్నది మీరు ఎక్కించిందే, కాబట్టి తక్కువ ఎక్కించారు. రసీదు మీద ‘సెడ్ టు కంటెయిన్’ అని అచ్చు వేసి ఉంటే, మేం డ్రమ్ములు లెక్కపెట్టలేదు, పార్టీ చెప్పింది రాశాం అని కూడా అంటారు. వినడానికి గట్టిగానే ఉంటుంది. సీలు మారిందని రుజువైన క్షణంలో ఈ వాదనంతా కూలిపోతుంది.

రుజువు చేయాలంటే ఆ ఫోటోలను కాపాడుకోవాలి. మీరు నాకు పంపినవి వాట్సాప్‌లో చేతులు మారి వచ్చినవి. ఫోటో తీసిన అసలు ఫోన్లు రెండూ కావాలి. మీ లోడింగ్ సూపర్‌వైజర్ ఫోన్ మార్చబోతుంటే ఆపండి, గ్యాలరీ ఖాళీ చేయనివ్వకండి. భారతీయ సాక్ష్య అధినియమం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ ఫోటో ప్రతిని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. దానికి రెండు భాగాలు. ఒకటి ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస కూడా అందులో రాయాలి. నాగపూర్ ఫోటో తీసింది ఆ కంపెనీ గోడౌన్ మనిషి కాబట్టి ఆ సర్టిఫికెట్ అక్కడి నుంచి రావాలి. ఇప్పుడైతే మీ మాట వింటారు. రెండేళ్ల తర్వాత ఆ ఉద్యోగి ఎక్కడుంటాడో ఎవరు చూడొచ్చారు?

ఇంకొకటి ఉంది, దీని గురించి మీరు ఆలోచించి ఉండరు. ఆ 0386 సీలు కూడా మీ దగ్గరిదే, ఫోటో కోసం ఒకటి పెట్టి తర్వాత మార్చి వేశారు అని ఎదుటి వకీలు తప్పకుండా అడుగుతాడు. సీళ్లు ప్యాకెట్ల లెక్కన, వరుస నంబర్లతో వస్తాయి. కొన్న బిల్లు వెతకండి. దాంట్లో నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని ఉంటే అదృష్టం. లేకపోతే అమ్మిన షాపు నుంచి రాయించుకోండి. వాడగా మిగిలిన సీళ్లను ఆ ప్యాకెట్టుతో సహా బీరువాలో పెట్టి తాళం వేయండి, ఒక్కటి కూడా వాడకండి. మీ ప్యాకెట్టు 4101 నుంచి మొదలై 4200తో అయిపోతే, 0386 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాల్సింది లారీవాళ్లే. ప్యాకెట్టు ఎప్పుడూ ఆఫీసు టేబుల్ మీదే పడి ఉండేది, ఎవరు తీసుకున్నారో తెలియదు అంటే మాత్రం మీ కేసుకు అక్కడే చిల్లు పడినట్టు.

డ్రమ్ముల లెక్కకు కాటా చీట్లు పనికొస్తాయి. గుజ్జు, ఇనప డ్రమ్ము కలిపి ఒక్కొక్కటి రెండు వందల కిలోల పైమాటే. తొమ్మిది తగ్గితే దాదాపు రెండు టన్నుల తేడా కనపడాలి. మీ దగ్గర బయల్దేరేటప్పుడు వేసిన కాటా, అక్కడ గేటు దగ్గర వేసిన కాటా, రెండు చీట్లూ సంపాదించండి. రసీదులో 70 అని రాసి ఉంది కదా, రోడ్డు రవాణా చట్టం ప్రకారం అది కూడా డ్రమ్ముల సంఖ్యకు, ఎదుటివాళ్లు తప్పని చూపేదాకా చెల్లే సాక్ష్యమే. లారీ ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఫాస్టాగ్ లెక్కలు చెబుతాయి. కడప, కర్నూలు మీదుగా హైదరాబాద్ దాటి నాగపూర్ దాకా ఏ టోల్ గేటు ఎన్ని గంటలకు దాటిందో చూస్తే, మధ్యలో మాయమైన రాత్రి ఏదో బయటపడుతుంది. ఆ లెక్కలు ట్రాన్స్‌పోర్ట్ ఆయన చేతిలో ఉంటాయి కాబట్టి తర్వాత కోర్టు ద్వారా తెప్పించాలి. వాటిని చెరిపేయకుండా ఉంచాలని నోటీసులోనే రాయాలి. ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) బండి నంబరు మధ్యలో మారిందేమో మాత్రం మీరే ఈ రోజే చూసుకోవచ్చు.

ఇక గడువు. మీ ఉత్తరం మీద తేదీ నవంబర్ 28. డిసెంబర్ నెలాఖరు దాకా ఉందన్నారు, సంక్రాంతికి కూర్చుందామని ఆయన అంటున్నారు. రెండూ నమ్మకండి. 1865 నాటి పాత క్యారియర్ల చట్టంలో, నష్టం తెలిసిన రోజు నుంచి ఆరు నెలలు అని ఉండేది. మీకు ఎవరో ఆ పాత లెక్క చెప్పారు. దాని స్థానంలో వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011 నుంచి అమల్లో ఉంది. 16వ సెక్షన్ ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు రవాణాదారుకు అందాలి. తెలిసిన రోజు నుంచి కాదు, చేరిన రోజు నుంచీ కాదు. మీరు బుక్ చేసింది జూన్ 24న. 180వ రోజు డిసెంబర్ 21. పోస్టులో వేయడం కాదు, ఆయనకు చేరడం ఆ లోపు జరగాలి. ఆ తేదీ దాటితే దావా వేసే దారే మూసుకుపోతుంది, ఇంత సాక్ష్యమూ కాగితాల కట్టగా మిగులుతుంది. సంక్రాంతి అనే మాట ఆయన అమాయకంగా అన్నాడో, లెక్క చూసుకునే అన్నాడో నాకు తెలియదు. మీకైతే ఫలితం ఒకటే.

నోటీసు సమయానికి అందితే తర్వాత తొందర లేదు. దావాకు లిమిటేషన్ చట్టం మూడేళ్లు ఇస్తుంది. డ్రైవరు నిర్లక్ష్యం వల్లే పోయిందనీ, ఎవరో దొంగిలించారనీ మీరు రుజువు చేయక్కర్లేదు, రోడ్డు రవాణా చట్టమే ఆ బరువు మీ మీద వేయలేదు. రవాణాదారు బాధ్యతకు పరిమితి మామూలుగా కిరాయికి పది రెట్లు. మీ కిరాయి 58 వేలు అని రసీదులో ఉంది, కాబట్టి మీ 1,30,000కు ఆ పరిమితి అడ్డు రాదు.

మీ స్నేహితుడి సలహా సంగతి. రసీదు మీ కాపీలో సీలు నంబరు ఇప్పుడు రాయడం గురించి కలలో కూడా అనుకోకండి. లారీ రసీదుకు నాలుగైదు కాపీలు ఉంటాయి. ఒకటి డ్రైవరుతో వెళ్లింది, ఒకటి బుకింగ్ ఆఫీసులో, ఒకటి నాగపూర్‌లో. మీ ఒక్క కాపీలో మాత్రమే నంబరు ఉంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కోర్టు కోసం తప్పుడు సాక్ష్యం సృష్టించడానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఫోర్జరీ సెక్షన్లు వేరే. నిజంగా జరిగిన దొంగతనంలో బాధితులైన మీరు ముద్దాయి బోనులో నిలబడతారు, ఆయన సాక్షిగా వచ్చి నవ్వుకుంటాడు. మీ దగ్గర నిజమైన ఫోటో ఉండగా అబద్ధపు అంకెలు ఎందుకు? ఇప్పటికే రాసి ఉంటే చెరపకండి, దిద్దకండి. నోటీసు ఇచ్చే వకీలుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. రవాణాదారు అప్పగించిన సరుకును కాజేస్తే న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో కఠినమైన శిక్షే ఉంది. కానీ బెదిరించి డబ్బు రాబట్టుకోవడానికి ఆ దారి పట్టకండి. కేసు నమోదైనా అది 16వ సెక్షన్ నోటీసుకు బదులు కాదు. వినియోగదారుల కమిషన్ గురించి ఆలోచన ఉంటే అదీ వద్దు. ఇది వ్యాపార లావాదేవీ, మొదటి అభ్యంతరమే అది వస్తుంది.

కాబట్టి ఈ వారంలోనే వకీలు ద్వారా నోటీసు పంపండి. అందులో రసీదు నంబరు, బుకింగ్ తేదీ, రెండు సీళ్ల నంబర్లు, తొమ్మిది డ్రమ్ముల లోటు, నష్టం మొత్తం స్పష్టంగా ఉండాలి. పదేళ్ల స్నేహం గురించి ఒక్క వాక్యం కూడా వద్దు. నాగపూర్ కంపెనీ డబ్బు కోసుకున్నందుకు డెబిట్ నోట్ (ఎంత, ఎందుకు కోసారో చెప్పే కాగితం) తీసుకోండి, నష్టం లెక్కకు అదే ఆధారం. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీకి కూడా వెంటనే తెలియజేయండి. రవాణాదారు మీద హక్కు మీరు చేజార్చుకున్నారని తెలిస్తే వాళ్లు క్లెయిమ్‌కు కొర్రీ వేస్తారు.

ఆయనకు నిజంగా సెటిల్ చేసే ఉద్దేశమే ఉంటే నోటీసు అందాక కూడా చేయొచ్చు. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి అవార్డు రాస్తే అది కోర్టు డిక్రీతో సమానం, మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్లొచ్చు. కుదరకపోతే బుకింగ్ జరిగింది చిత్తూరులో కాబట్టి సివిల్ దావా ఇక్కడే వేయొచ్చు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో వేరే ఊరి కోర్టు పేరు ఉందేమో మీ వకీలుకు చూపించండి. లోక్ అదాలత్ దరఖాస్తు పెట్టినా 180 రోజుల లెక్క ఆగదు, అందుకే నోటీసు ముందు.

నోటీసును బుకింగ్ ఆఫీసుకు ఒకటి, వాళ్ల ప్రధాన కార్యాలయానికి ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి, డెలివరీ రుజువు తీసిపెట్టుకోండి. ఆయన మీ ఊరివాడే కదా, మూడో కాపీ మనిషి చేత ఆఫీసులో ఇప్పించి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం, రబ్బరు స్టాంపు వేయించుకోండి. ఆయన ‘ఇదేంటన్నా’ అని ఫోన్ చేస్తే వాదించకండి. చెప్పదలచుకున్నది రాసి పంపమనండి.