క్రూయిజ్‌లో వెళ్తూ కరీబియన్ దీవి కురసావ్‌లో ఒక్క రోజు దిగితే ఏం చూడవచ్చు?

టూర్ బస్సు ఎక్కకుండా దీవి రాజధాని విల్లెంస్టాడ్ ఊళ్లో నడవండి, నా సలహా అదే. పెద్ద ఓడలు ఆగే చోటు నుంచి ఒట్రొబాండా పేట దగ్గరే. అక్కడ కురా హులాండా మ్యూజియంలో బానిస వ్యాపార చరిత్ర ఉంటుంది. మనసు బరువెక్కుతుంది, అయినా ముందు అదే చూడండి. ఓడలు వెళ్లే కాలువకు ఎదుటి ఒడ్డున కనిపించే రంగురంగుల మేడల వెనుక ఉన్న కథ అప్పుడు అర్థమవుతుంది.

అవతలి పుండా పేటకు క్వీన్ ఎమ్మా వంతెన మీదుగా వెళ్లాలి. 1888 నాటిది, పడవల మీద తేలుతుంది. ఓడ వస్తే వంతెన మొత్తం పక్కకు జరిగిపోతుంది! నారింజ జెండా ఎగిరితే కాసేపే, నీలం జెండా అయితే ఎక్కువసేపు ఆగాలి. టెన్షన్ పడకండి, అప్పుడు ఉచితంగా ఫెర్రీ నడుపుతారు. పుండాలో 1732 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉంది, లోపల నేలంతా ఇసుకే. ఈ పాతపట్నాన్ని యునెస్కో 1997లో వారసత్వ స్థలంగా గుర్తించింది.

అమెరికన్ డాలర్లు చెల్లుతాయి. మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటుంది, టోపీ, నీళ్లు మరవకండి. ఓడ గడియారం, ఊరి గడియారం ఒక్కోసారి వేరుగా ఉంటాయి. దిగేముందే అడిగి, ఓడ సమయం ప్రకారం గంట ముందే తిరిగి రండి.