కొత్త లోకానికి దేవుణ్ణి రాసేముందు

చిరంజీవి అల్లుడికి,

అత్తయ్య ఆశీర్వదించి రాసేది.

నీ నవల మొదటి అధ్యాయం చదివాను. ఉప్పు పండించుకుని బతికే ఆ తీరపు ఊళ్లు బాగున్నాయి. దేవుడే బాగోలేదు. చిటికేస్తే చుక్కలు పుట్టాయన్నావు, ఆ వెంటనే ఆయన వంశవృక్షం పేజీలకు పేజీలు. పిల్లల కథలు రాస్తూ జుట్టు నెరిసినదాన్ని, నాలుగు మాటలు చెబుతాను, విసుక్కోకు.

ముందు ఆ లోకపు ఆకాశం ఎలా ఉంటుందో గీసుకో, దేవుడి సంగతి తర్వాత. మన చంద్రుడి కథే చూడు. దక్షుడి 27 మంది కూతుళ్లను పెళ్లాడి, రోహిణి దగ్గరే ఉండిపోయాడు. మామగారు క్షయ పట్టమని శపించాడు. చివరికి శాపం కొంత సడలి, తరగడమూ పెరగడమూ మిగిలాయి. చుక్కల మధ్య చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది, అంటే రోజుకో భార్య ఇల్లు. రోహిణి ఎర్రగా మెరుస్తూ ఆయన దారిలోనే ఉంటుంది. 2015 నుంచి 2018 దాకా, భూమ్మీద ఎక్కడో ఒకచోటి నుంచి చూస్తే, నెలనెలా చంద్రుడు ఆ చుక్కను పూర్తిగా కప్పేసి మరీ వెళ్లాడు. అంత దగ్గరగా వెళ్తుంటే జనం ఊరుకుంటారా, కథ కట్టరూ! నీ లోకంలో కూడా జనం తలెత్తితే కనిపించే వింత ఒకటి ఉండాలి. ఒక్కటి చాలు.

అది నీ దగ్గర ఉంది, నువ్వే పట్టించుకోలేదు. ఆకాశంలో ఒకచోట చుక్కలే లేని చీకటి మచ్చ ఉందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. దాన్ని పట్టుకో. నేనైతే ఇలా చెబుతాను: రాత్రి ఒకప్పుడు నల్లటి సముద్రం. దేవుడి కూతురు అందులో మునిగిపోయింది. ఆమె కోసం ఆయన ఒక్కో ఉప్పుమడీ కట్టి ఆ నీళ్లు ఎండబెడుతూ వచ్చాడు. ఎండినచోటల్లా ఉప్పుగల్లు మిగిలింది, అవే చుక్కలు. ఆఖరి మడి దగ్గర ఆగిపోయాడు. అది కూడా ఎండితే కూతురు కనబడుతుంది, ఎలా కనబడుతుందో ఆయనకు తెలుసు. అందుకే ఆ మచ్చ అలాగే ఉంది.

నచ్చకపోతే మార్చుకో. కానీ దేవుడికి ఏదో ఒకటి కావాలి, ఏదో ఒకటి భయం ఉండాలి. అన్నీ చేయగలిగినవాడి కథ రెండో పేజీకే విసుగు.

తర్వాత, కథను జనం వాడుకోవాలి. పెళ్లిలో అరుంధతిని చూపిస్తాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. (ఆ రోజుల్లో రాత్రంతా వెతికినా రోహిణి కనబడదు, సూర్యుడి సరసనే ఉంటుంది కాబట్టి. అయినా నోట్లో పేరు నలుగుతూనే ఉంటుంది.) మీ ఉప్పుమళ్లవాళ్లు కూడా ఏదో ఒకటి చేయాలి కదా. ఆఖరి మడిని ఎవరూ పూర్తిగా ఎండనివ్వరనుకో. కొత్తగా వచ్చిన కోడలు తెలియక ఎండబెడుతుంది, అత్తగారు పరుగున వచ్చి కడవెడు నీళ్లు పోస్తుంది. ఎవరూ ఏమీ వివరించరు. పురాణం మొత్తం అక్కడే తెలిసిపోవాలి, వంశవృక్షం అక్కర్లేదు.

రెండు చందమామలు పెట్టావు, తీసెయ్యమనను. కానీ ఆటుపోట్లు మారిపోతాయిరా. పోటుకు కదా కాలవల్లోకి నీళ్లొచ్చేది. ఇద్దరూ ఒకే వైపు లాగిన రోజున మళ్లన్నీ మునుగుతాయి. ఆ లెక్క వేసుకోకుండా రాస్తే ఉప్పు తెలిసిన పాఠకుడు నవ్వుతాడు.

పేర్ల విషయానికి టెన్షన్ పడకు. మోకాళ్ల లోతు నీళ్లలో పనిచేసేవాళ్లు దేవుణ్ణి అంత నోరు తిరగని పేరుతో పిలవరు. ‘మళ్లతాత’ అనో, అలాంటిదే ఇంకోటో అంటారు. గుడి పూజారి వేరే పేరు చెప్పనీ, ఇంకా బాగుంటుంది, ఇద్దరూ కథను వేరువేరుగా చెప్పుకుంటారు. ఏది నిజమో నువ్వు తేల్చొద్దు.

చుక్కలు రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అందుకే ఒక్కో కాలానికి ఒక్కో ఆకాశం. మరి మీ చీకటి మచ్చ నడినెత్తికి వచ్చేది ఉప్పు పండే ఎండల్లోనా, పని లేని వానాకాలంలోనా? అది తేల్చుకుని రెండో ప్రతి పంపు. మీ నాన్నకు కళ్లజోడు మార్పించమని చెప్పు.

ఆశీస్సులతో,
అత్తయ్య