రాజీనామా వద్దు, సంతకాలు మాత్రం ఆలస్యం చేయొద్దు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మావారికి 44 ఏళ్లు, ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్. రెండేళ్లుగా చేతులు, భుజాలు వాటంతటవే కదులుతున్నాయి. నడక తూలుతోంది, ఊరికే కోపం వస్తోంది. తాగి డ్యూటీకి వస్తున్నారని ఆఫీసులో మెమో ఇచ్చారు. ఆయన చుక్క ముట్టరు. హైదరాబాద్‌లో జన్యు పరీక్ష చేసి హంటింగ్టన్ జబ్బు అన్నారు, మెదడును మెల్లగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బట. మా మామగారూ ఇలాగే పోయారు, అప్పట్లో గాలి సోకిందనుకున్నారు. రాజీనామా చేస్తే గౌరవంగా ఉంటుందని పై అధికారి అంటున్నారు. పొలం, ఇల్లు చూసుకోవడానికి తన పేర జీపీఏ (మావారి తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాయిస్తే చాలని బావగారు, అంటే మావారి అన్నయ్య, అంటున్నారు. మా అమ్మాయికి 22 ఏళ్లు, సంబంధాలు వస్తున్నాయి. ఈ జబ్బు సంగతి వాళ్లకు చెప్పాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ రాజీనామా కాగితం మీద మీవారిని సంతకం పెట్టనీయకండి. ఆమోదించేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పాత పెన్షన్ పరిధిలో ఉన్నవారైతే చేసిన సర్వీసు కూడా పోతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 20(4) సెక్షన్ మీకు అండ. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతం, అవే సౌకర్యాలతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటిది లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా పదవీ విరమణ దాకా, అదనపు పోస్టులో ఉంచాలి. పాత 1995 చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. కాలు పోయిన ఒక కానిస్టేబుల్‌ను ఇంటికి పంపిస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 2003లో తీర్పు చెప్పింది.

'హంటింగ్టన్ పేరు చట్టంలో లేదు కదా' అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. నిజమే, లేదు. షెడ్యూలులో మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ 'వంటి' దీర్ఘకాలిక నాడీ జబ్బులు అని ఉంది. ఆ 'వంటి' అన్న ఒక్క మాట మీద వాదించొచ్చు. పైగా కదలికల లోపం, మానసిక సమస్య అనే విభాగాల కింద కూడా వైకల్యాన్ని లెక్క కట్టొచ్చు. దివ్యాంగుల గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ పోర్టల్‌లో వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతం రాకపోతే ఏం లాభం అని నిరాశపడకండి. రిజర్వేషన్ల లాంటి వాటికి ఆ అంకె కావాలి గానీ, 20(4)లో శాతం మాటే లేదు. ఆఫీసు వినకపోతే అక్కడి ఫిర్యాదుల అధికారికి, తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. చివరికి హైకోర్టు ఉండనే ఉంది.

'మెడికల్ ఇన్‌వాలిడేషన్ (అనారోగ్యం వల్ల ముందే రిటైరవడం) పెట్టండి, మీ పిల్లలకు ఉద్యోగం వస్తుంది' అని కూడా ఎవరైనా చెప్పొచ్చు. కాగితం మీద రానిదే నమ్మొద్దు.

ఇక జీపీఏ. నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. చాలామంది జీపీఏ ఒకటి ఉంటే చివరిదాకా పనికొస్తుందనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా అక్కడితో ముగిసిపోతుంది. (జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా కుర్ర డాక్టరు ఈ జబ్బు గురించి రాసింది కూడా 1872లోనే.) అంటే జీపీఏ ఏ రోజు కోసం రాయించుకుంటారో ఆ రోజునే చెల్లదు. పైగా ఇది మీ మామగారి నుంచి వచ్చిన జబ్బు. ఆయన పిల్లల్లో ప్రతి ఒక్కరికీ, అంటే మీ బావగారికీ, ఇది వచ్చేందుకు సగానికి సగం అవకాశం ఉంటుంది. మీ బావగారిని తప్పుపట్టడం లేదు, పరీక్ష చేయించుకున్నారా అని అడగమనీ చెప్పను. కానీ బాధ్యతంతా ఆయన ఒక్కరి మీదే పెట్టకండి.

జన్యు పరీక్ష రిపోర్టు వచ్చినంత మాత్రాన మీవారికి సంతకం పెట్టే హక్కు పోలేదు. రాస్తున్నది ఏమిటో తెలిసి రాస్తే చాలు. కాబట్టి వీలునామా ఇప్పుడే రాయించండి. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లు ఆస్తి పొందేవాళ్లు కాకుండా చూడండి. అదే రోజు డాక్టరు చేత 'స్పృహతో, అర్థం చేసుకుని రాస్తున్నారు' అని రాయించి జతచేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. రేపు ఎవరైనా ఆ జన్యు రిపోర్టునే పట్టుకుని వీలునామా చెల్లదంటారు, అందుకే ఇంత జాగ్రత్త. పిత్రార్జితమైతే పిల్లలకు పుట్టుకతోనే వాటా ఉంటుంది, ఆయన తన వాటాకే వీలునామా రాయగలరు. బ్యాంకు ఖాతా జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్చండి. నామినీ పేర్లన్నీ సరిచూడండి.

ఇంకో కాగితం గురించి ఎవరూ చెప్పరు. ముదిరాక ఈ జబ్బులో మింగడం కష్టమవుతుంది. ట్యూబు వేయాలా, వెంటిలేటర్ పెట్టాలా అని డాక్టర్లు మిమ్మల్ని అడిగే రోజు రావొచ్చు. తనకేం కావాలో ఆయన ఇప్పుడే రాసి పెట్టొచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే సరిపోతుంది. మానసిక వైద్యం విషయంలోనూ 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద ముందస్తు ఆదేశం రాసి, ప్రతినిధిగా మీ పేరు పెట్టొచ్చు. ఇవేవీ చేయకుండా పరిస్థితి చేజారితే పరిమిత సంరక్షకత్వం (ఆయనతో సంప్రదించి నిర్ణయాలు తీసుకునే అధికారం) కోసం జిల్లా కోర్టుకో, ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గరకో తిరగాలి.

అమ్మాయి విషయం. అదే లెక్కన తండ్రి నుంచి ఆమెకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. పెళ్లికి ముందు జన్యు పరీక్ష చేయించుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. ఆమె మేజర్, తెలుసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మీరు గానీ, వచ్చే అత్తింటివారు గానీ బలవంతపెట్టకూడదు. ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడించండి, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అయితే తండ్రి జబ్బును దాచి పెళ్లి చేయొద్దు. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని, తెలిసిన ఏడాదిలోపు పెళ్లి రద్దు కోరే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. అది కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది తర్వాత, ఆ కేసు నడిచినన్నాళ్లూ నలిగేది మీ అమ్మాయే. సంబంధం ఖాయం చేసుకునే ముందు, ఆమె ఒప్పుకున్నాకే చెప్పండి.

పన్ను విషయం ఒకటి. పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్ను చట్టం 80డీడీబీ సెక్షన్ కింద వైద్య ఖర్చుకు 40,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది (2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారింది). దాని జబ్బుల జాబితాలో 'కొరియా' అని ఉంటుంది. దేశం పేరు కాదు, మీవారికి ఉన్న ఈ కదలికలే. దానికి మాత్రం 40 శాతం వైకల్యం ధ్రువీకరణ కావాలి.

కోపం, నిస్పృహ కూడా ఈ జబ్బులో భాగమే. న్యూరాలజిస్టుతో పాటు సైకియాట్రిస్టుకు కూడా చూపించండి. ఆయన 'బతకడం దండగ' లాంటి మాటలంటే తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలి మానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది. మీకోసం కూడా ఆ నంబరుకు చేయొచ్చు.

మెమో ఏ తేదీన ఇచ్చారో మీరు రాయలేదు. గడువు దాటకముందే రాతపూర్వకంగా జవాబివ్వండి. తూలడం జబ్బు లక్షణమని, మెడికల్ బోర్డుకు పంపమని కోరుతూ, న్యూరాలజిస్టు రిపోర్టు నకలు జతచేసి, రసీదు తీసుకోండి.