సార్బిట్రేట్ వాడేవాళ్లు వయాగ్రా వేసుకోవచ్చా?

మీది పర్లాకిమిడి, స్టెంట్ పడింది, ఛాతీ పట్టేస్తే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకుంటారు, వయాగ్రా వాడొచ్చా అని కదా అడిగారు. వద్దండీ. సార్బిట్రేట్, నైట్రోగ్లిజరిన్ వంటి నైట్రేట్లూ, వయాగ్రాలోని సిల్డెనాఫిలూ రక్తనాళాలను వదులు చేసేవే. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే పనికి వాడే మరో మందు టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ముట్టకూడదు. ఈలోగా నొప్పి వస్తే ఆసుపత్రికి పరుగెత్తి, సిగ్గుపడకుండా ఏం మింగారో ముందే చెప్పాలి.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు వేరే. గుండెకి వైద్యం విశాఖలోనో బరంపురంలోనో, వయాగ్రా మాత్రం చీటీ లేకుండా వీధి చివరి మందుల షాపులో. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలీదు.

గత 6 నెలల్లో గుండెపోటుగానీ పక్షవాతంగానీ వచ్చినవాళ్లు, బీపీ 90/50 కంటే తక్కువున్నవాళ్లు, కాలేయం బాగా చెడినవాళ్లు, రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య కంటిజబ్బు ఉన్నవాళ్లు కూడా వయాగ్రాకి దూరంగా ఉండాలి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే వయాగ్రాని డాక్టరు చెప్పిన తక్కువ మోతాదుతోనే మొదలుపెట్టాలి. షుగర్ ఒక్కటే ఉంటే అది అడ్డు కాదు.