సీపీఏని ఏప్రిల్‌లో కాదు, అక్టోబరులో కలవండి

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, గుడికి, తెలుగు సంఘానికి, మా ఊరి బడికి కలిపి ఏటా 4,000 డాలర్ల దాకా ఇస్తున్నాం. మొన్న ట్యాక్సులు వేసేటప్పుడు సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) ఆ రసీదులన్నీ చూసి, వీటితో మీకు లాభం లేదు అన్నాడు. అంటే మేం ఇవ్వకూడని చోట ఇస్తున్నామా?"

తమ్ముడూ, మీ సీపీఏ చెప్పింది తప్పు కాదు. కాకపోతే ఆయన ఆ మాట చెప్పేసరికి ఏడాది అయిపోయింది. ఎవరికి ఇచ్చారో, దేంట్లోంచి తీసి ఇచ్చారో ఇక మార్చలేరు. ఏప్రిల్‌లో ఏ సీపీఏ అయినా చేయగలిగింది జరిగినదాన్ని ఫారంలో ఎక్కించడమే. అదే మనిషిని అక్టోబరులో కలిసి "ఈ ఏడు ఇంత ఇద్దామనుకుంటున్నాం, ఎలా ఇమ్మంటారు?" అని అడిగి చూడండి. అప్పుడు ఆయన మీకు చాలా చేయగలరు. ఈ తేడా నాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది, డబ్బూ పోయింది.

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన పోయాక, 2007లో, ఆయన పేరు మీద ఆ బడికి ఒక గది కట్టిద్దామనుకున్నాం. మా వారి కంపెనీ షేర్లు కొన్ని అమ్మి 9,000 డాలర్లు నేరుగా బడి కమిటీకి పంపాం. వాళ్ళు పంపిన రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది. పలచటి గులాబీ కాగితం, ఊదారంగు రబ్బరు స్టాంపు, హెడ్మాస్టరుగారి గుండ్రటి చేతిరాతలో "అక్షరాలా మూడు లక్షల అరవై వేల రూపాయలు". ట్యాక్సులు చేసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికి తిరిగి ఇచ్చేశారు. పక్కనున్న షేర్ల అమ్మకం కాగితాన్ని మాత్రం దగ్గరకు లాక్కున్నారు. ఆ షేర్ల లాభం మీద పన్ను కట్టాం. గదికి ఇచ్చినదానికి పైసా తగ్గలేదు. గది కట్టినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు కానీ, ముందే అడిగి ఉంటే అదే ఖర్చులో పిల్లలకు బెంచీలు కూడా వచ్చేవి.

ఇక్కడ మొదట తెలుసుకోవాల్సింది: అమెరికా పన్నులో విరాళం లెక్కకు రావాలంటే తీసుకునే సంస్థ అమెరికాలో 501(సి)(3) గుర్తింపు, అంటే పన్ను చట్టం కింద సేవాసంస్థగా గుర్తింపు, ఉన్నదై ఉండాలి. తిరుమల హుండీలో వేసినా, ఊరి బడికి వైర్ చేసినా పుణ్యం పుణ్యమే గాని, ఇక్కడి రిటర్న్‌లో దానికి చోటు లేదు. ఇండియా ఆదాయపన్నులో విరాళానికి తగ్గింపు ఇచ్చే 80జీ రసీదు ఇక్కడ చెల్లదు. పేరు ఏదైనా సరే, ఐఆర్ఎస్ (ఇక్కడి పన్ను శాఖ) వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు కొట్టి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. ప్రథమ్, అక్షయపాత్ర, ఏకల్ విద్యాలయ లాంటి వాటికి ఇక్కడ విడిగా అమెరికా సంస్థలున్నాయి. ఆశా ఫర్ ఎడ్యుకేషన్ అయితే 1991లో బర్క్‌లీలో మన విద్యార్థులు పెట్టినదే. వీటి ద్వారా ఇస్తే డబ్బు ఇండియాలో పనికొస్తుంది, రసీదు ఇక్కడ పనికొస్తుంది.

"అయితే మా ఊరి బడి డబ్బుని ఇక్కడి సంఘానికి ఇచ్చి, వాళ్ళనే పంపమంటే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఒట్టి పోస్ట్‌మ్యాన్ పని చేయిస్తే సరిపోదు. ఆ సంస్థ బోర్డు మీ ఊరి పనిని తమ కార్యక్రమంగా చూసి, మంజూరు చేసి, డబ్బు ఎటు పోయిందో కనిపెట్టుకోవాలి. ఖర్చు మీద చివరి మాట వాళ్ళదై ఉండాలి. మంచి సంస్థలు ప్రాజెక్టు కాగితాలు అడిగేది ఇందుకే. అడిగితే విసుక్కోకండి.

దీనికి తోడు పాస్‌పోర్ట్ సంగతి ఉంది. మీరు ఇంకా ఇండియా పాస్‌పోర్ట్ మీదే ఉంటే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఊళ్ళో ట్రస్టుకి పంపినా అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాటి నుంచి అదే మనిషి, అదే ట్రస్టుకి, రూపాయల్లో ఇచ్చినా సరే విదేశీ విరాళమే. విదేశీ పౌరులైన మనవాళ్ళకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ (ఇండియాలో విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని దాని ఖాతాలో పడాలి. చూసుకోకుండా పంపితే చిక్కు మీకన్నా ముందు ఊళ్ళో ఆ ట్రస్టు నడిపే పెద్దాయనకు వస్తుంది. మా ఇంట్లో సిటిజన్‌షిప్ వచ్చాక ఈ విషయం చెప్పింది ఒక అడ్వైజరే. అప్పటిదాకా మాకు తట్టనే లేదు.

ఇప్పుడు మీ 4,000 సంగతి. 2026లో భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ రసీదూ చూపకుండానే ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 32,200 డాలర్లు. దానికి బదులు ఖర్చులు విడివిడిగా చూపించడాన్ని ఐటెమైజ్ చేయడం అంటారు; ఆ మొత్తం స్టాండర్డ్‌ని దాటితేనే లాభం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. మీలాంటి ఇంటికి ప్రాపర్టీ ట్యాక్స్ 10,000, మార్ట్‌గేజ్ వడ్డీ 17,000 అనుకుందాం. 27,000 అయింది. 4,000 విరాళం మొత్తం ఇక్కడి సంస్థలకే ఇచ్చారనుకున్నా 31,000. స్టాండర్డ్ డిడక్షన్ దాటలేదు, అందుకే లాభం లేదన్నాడు. 2026 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది: ఐటెమైజ్ చేయకపోయినా నగదు విరాళాల్లో దంపతులకు 2,000, ఒంటరివాళ్ళకు 1,000 దాకా తగ్గించుకోవచ్చు.

చాలామంది అడ్వైజర్లు కళ్ళు మూసుకుని చెప్పే సలహా, మూడేళ్ళ విరాళం ఒకే ఏడాది ఇచ్చేయండి అని. మీ లెక్కలో వేసి చూద్దాం. 27,000కి 12,000 కలిపితే 39,000. ఐటెమైజ్ చేసేవాళ్ళకు 2026 నుంచి విరాళాల్లో ఆదాయంలో అర శాతం లెక్కకు రాదు. మీ ఆదాయం 2,00,000 అయితే 1,000 పోతుంది. మిగిలింది 38,000, అంటే స్టాండర్డ్ కన్నా 5,800 ఎక్కువ. ఏటా 4,000 చొప్పున ఇస్తూ పోతే ఆ వెసులుబాటే మూడుసార్లు 2,000, అంటే 6,000. మూడేళ్ళది ఒకేసారి ఇస్తే మీకు నష్టమే! అదే ఐదేళ్ళది, 20,000 ఒకేసారి ఇస్తే 13,800 ఎక్కువ వస్తుంది. ఐదుసార్లు 2,000 అంటే 10,000 కదా, అప్పుడు గిట్టుబాటు. మంచి అడ్వైజర్ పని ఇదే, మీ అంకెలు వేసి చూపించడం. చూపించకుండా "అందరూ ఇలాగే చేస్తారు" అనేవాళ్ళని నమ్మకండి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచింది షేర్ల గురించి. మీ ఆర్ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) వెస్ట్ అయిన రోజు, అంటే మీ సొంతమైన రోజు, 4,000 ఉన్నవి ఇప్పుడు 10,000 అయ్యాయనుకోండి, వెస్ట్ అయి ఏడాది దాటింది. అవి అమ్మి డబ్బు ఇస్తే 6,000 లాభం మీద 15 శాతం, అంటే 900 డాలర్లు ఫెడరల్ పన్ను. అమ్మకుండా షేర్లనే సంస్థకి బదిలీ చేస్తే ఆ 900 కట్టక్కర్లేదు, ఐటెమైజ్ చేస్తే, పైన చెప్పిన అర శాతం పోను, ఆ 10,000 లెక్కకు వస్తుంది. ఐటెమైజ్ చేయకపోయినా ఆ 900 మిగిలినట్టే. నష్టంలో ఉన్న షేర్లు మాత్రం అలా ఇవ్వకండి. అవి అమ్మేసి నష్టం రిటర్న్‌లో చూపించుకుని, నగదు ఇవ్వండి.

మన గుడికి షేర్లు తీసుకునే ఖాతా లేదంటారు. చాలా గుళ్ళకు ఉండదు. దానికే డొనార్ అడ్వైజ్డ్ ఫండ్ అని ఒకటుంది. ఫిడెలిటీ చారిటబుల్ లాంటి చోట ఖాతా తెరిచి షేర్లు అందులో వేస్తే, వేసిన ఏడాదే డిడక్షన్ వస్తుంది. తర్వాత ఈ నెల గుడికి, వచ్చే ఏడు బడి పిల్లల సంస్థకి అని చెబుతుంటే వాళ్ళే చెక్కు పంపుతారు. పైన చెప్పిన ఐదేళ్ళ లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది: డబ్బు ఒకేసారి వేస్తారు, గుడికి మాత్రం ఏటా అందుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, అందులో వేసిన డబ్బు వెనక్కి రాదు. ఐటెమైజ్ చేయనివాళ్ళ 2,000లోకి కూడా అది రాదు.

మరి ఎవరిని అడగాలి? పన్ను లెక్కకి సీపీఏ లేదా ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ఐఆర్ఎస్ లైసెన్సున్న పన్ను నిపుణుడు), ఏ షేర్లు ఇవ్వాలో చెప్పడానికి ఫైనాన్షియల్ అడ్వైజర్, వీలునామాలో ఏమైనా రాయాలంటే ఎస్టేట్ లాయర్. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూసుకోండి. ఇండియాలో అద్దె వస్తూ అక్కడ పాత పన్ను పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే 80జీ అక్కడ పనికొస్తుంది. కానీ అక్కడ పన్ను తగ్గితే, అక్కడ కట్టినదానికి ఇక్కడి పన్నులో వచ్చే క్రెడిట్ కూడా తగ్గుతుంది. కాబట్టి ఆ ఆడిటర్‌నీ, ఈ సీపీఏనీ ఒక్కసారైనా కాల్‌లో కలపండి.

పుట్టినరోజు పార్టీలో కలిసి "నేను ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని" అన్నవాళ్ళని, మీకు డబ్బు ఎలా వస్తుంది అని మొహమాటం లేకుండా అడగండి. ఇన్సూరెన్స్ పాలసీ కమీషన్ మీద బతికే మనిషికి మీ విరాళం మీద ధ్యాస ఉండదు. ఫీజు మాత్రమే తీసుకుని, మీ మేలే చూడాల్సిన చట్టబాధ్యత ఉన్నవాళ్ళు దొరుకుతారు. మొదటి మీటింగులో వాళ్ళు పన్ను గురించి కాక "ఎవరికి సాయం చేయాలని ఉంది? ఎందుకు?" అని అడిగితే సరైన చోటికి వచ్చారని నా నమ్మకం.

ఇంకో రకం వాళ్ళుంటారు. కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకాయన ఫోన్‌లోనే మా రిటర్న్ చేస్తూ, "డొనేషన్ ఎంత వేయమంటారు? అందరికీ 3,000 వేస్తున్నా" అన్నారు. మేం అప్పటికి 200 కూడా ఇవ్వలేదు. నేను వద్దన్నాను, ఆయన చిన్నబుచ్చుకున్నారు. అలాంటివాళ్ళ దగ్గర నుంచి వెంటనే వచ్చేయండి. రిటర్న్ మీద సంతకం మీది, పెనాల్టీ మీది. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో పన్నుల గురించి జవాబు చెప్పాల్సిందీ మీరే.

రసీదుల విషయం త్వరగా చెబుతాను. ఒక్కసారి 250 డాలర్లు గాని అంతకు మించి గాని ఇస్తే, రిటర్న్ వేసేలోపు సంస్థ నుంచి ఉత్తరం చేతిలో ఉండాలి; క్యాన్సిల్డ్ చెక్కు ఒక్కటే చాలదు. తెలుగు సంఘాల మహాసభలకు డోనర్ ప్యాకేజీ తీసుకుంటే అందులోని బాంక్వెట్ భోజనాలు, హోటల్ గది విలువ తీసేసి మిగిలినదే విరాళం. ఎవరైనా పిల్లాడికి యాక్సిడెంట్ అయితే గోఫండ్‌మీ అనే ఆన్‌లైన్ చందాల సైటులో అందరం వేస్తాం, వేయాలి కూడా. అది ఒక మనిషికి ఇచ్చిన కానుక కాబట్టి పన్నులో రాదు. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఇండియాతో ఉన్న ఒప్పందం వల్ల ఎటూ స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటారు. వాళ్ళకి ఈ లెక్కల టెన్షన్ అక్కర్లేదు.

తమ్ముడూ, మీ ఊరి బడి ఆపకండి. ఇండియా పాస్‌పోర్టే ఉంటే అది నేరుగా పంపుకోండి, పన్ను తగ్గదని తెలిసే పంపండి. గుడికీ సంఘానికీ ఇచ్చేది షేర్లతో ఇద్దామా అని ఈ అక్టోబరులో మీ సీపీఏని అడగండి, పోయిన ఏడాది రిటర్నూ బ్రోకరేజ్ స్టేట్‌మెంటూ వెంట తీసుకెళ్ళండి. చెక్కు అయితే డిసెంబర్ 31న పోస్టులో వేసినా ఈ ఏడాదే, క్రెడిట్ కార్డు కూడా అంతే. షేర్లు మాత్రం సంస్థ ఖాతాలో పడిన రోజే లెక్క, దానికి వారం పది రోజులు పట్టొచ్చు. డిసెంబర్ మొదటి వారం దాటనివ్వకండి.