ఆన్‌లైన్ ఆర్ట్ కోర్సులో ఇచ్చిన బ్రీఫ్ నుంచి సొంత ప్రాజెక్టు ఎలా తయారుచేసుకోవాలి?

అమలాపురం దగ్గర ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో ఆర్ట్ కోర్సు చేస్తున్నానని, "నీరు" అనే అంశం మీద సొంతంగా ప్రాజెక్టు చేయమన్నారని రాశారు. స్కెచ్‌బుక్, ఒక తుది పని, ఒక పేజీ వివరణ ఇవ్వాలి. ఏది గీసినా క్యాలెండర్ బొమ్మలా వస్తోందని, ట్యూటర్ ఎక్కడో ఉండటంతో ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉందని అన్నారు. నేను ఇలాంటి కోర్సే నరసాపురం వైపు, వశిష్ఠ ఏటిగట్టు కింద ఊళ్లో ఉండి చేశాను. మాకు ఇచ్చిన అంశం "కొలత". ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు బ్రీఫ్‌ని, అంటే ఏం చేయాలో కోర్సువాళ్లు రాసిచ్చిన కాగితాన్ని, పెన్సిల్ పట్టుకుని చదవండి. అందులో ఏం చేయమన్నారో ఆ మాటల కింద గీత పెట్టండి. మాకిచ్చిన దాంట్లో పరిశీలించండి, ప్రయోగాలు చేయండి, వాటిలోంచి ఎంచుకోండి, ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి అని ఉంది. అందమైన బొమ్మ వేయండి అని ఎక్కడా లేదు. మార్కులు కూడా ఆ నాలుగు పనులకే. ఇది గమనిస్తే సగం భయం పోతుంది.

"నీరు" అనగానే మన కోనసీమలో ఎవరికైనా మొదట తట్టేవి కాలువలో కొబ్బరిచెట్ల నీడలు, నాటుపడవ, సూర్యాస్తమయం. వాటిని ఒక పేజీలో వేసేసి పక్కన పెట్టండి. అవి బాగోక కాదు, అందరూ దూరం నుంచి చూసేవి అవే కాబట్టి. మీ రోజులో చేతికి తగిలే నీరు ఏదో రాసుకోండి. బోరు నీళ్లలో ఉప్పు, ఎండాకాలంలో కాలువ కట్టేశాక బయటపడే అడుగు బురద, రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టిస్తూ రాత్రంతా తిరిగే ఏరేటర్లు, వరదకి మునిగే కాజ్‌వే. ఈ జాబితాలో మళ్లీ మళ్లీ వెళ్లి చూడగలిగేది, వీలైతే నడిచి వెళ్లగలిగేది ఒకటి ఎంచుకోండి. ఇంటర్నెట్‌లో బొమ్మలు వెతకడం ఆ తర్వాతే. ముందే వెతికితే వేరేవాళ్ల కళ్లతో చూడటం మొదలవుతుంది, అది వదిలించుకోవడం చాలా కష్టం.

"కొలత" అనగానే మా బ్యాచ్‌లో చాలామంది స్కేళ్లు, టేపులు, గడియారాలు గీశారు. నాకు వరద గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని టీవీలో వింటూ పెరిగినవాళ్లం కదా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ గోదావరి మధ్య ఉండే ఒక లంక ఊళ్లో ఒక మామ్మని "2022లో మీ ఇంట్లోకి నీళ్లు ఎంత వచ్చాయి?" అని అడిగితే ఆవిడ అడుగుల్లో చెప్పలేదు. లేచి, గోడ దగ్గరికి వెళ్లి, చెయ్యి నడుం పక్కన అడ్డంగా పెట్టి "ఇదిగోనమ్మా, ఇక్కడిదాకా" అంది. అరచెయ్యి కిందికి, వేళ్లు బిగించి, నీటి మట్టంలా ఆ చెయ్యి కదలకుండా ఉంది. పక్కింటాయన మోకాలు చూపించాడు. ఇంకొకాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. వరద ఒకటే. ఇంటి అరుగు ఎత్తుని బట్టి, మనిషి పొడుగుని బట్టి ఒక్కొక్కరి కొలత ఒక్కోలా ఉంది. నా ప్రాజెక్టు అక్కడ దొరికింది. "కొలత" అనే పెద్ద అంశం "మనుషులు వరదని తమ ఒంటి మీద ఎలా కొలుస్తారు" అనే చిన్న ప్రశ్న అయింది. మీ "నీరు" కూడా ఇలా ఒక ప్రశ్నగా మారేదాకా తుది పని గురించి ఆలోచించకండి.

స్కెచ్‌బుక్‌లో ముందు చేతులు మాత్రమే గీశాను. తర్వాత, వరద గురించి చెప్పడానికి వరద తెచ్చిన మట్టి కంటే మంచి రంగు ఏముంటుందనిపించింది. నీరు తీశాక గట్టు మీద మిగిలిన ఒండ్రు తెచ్చుకున్నాను (ఉధృతి ఉన్నప్పుడు రేవులోకి దిగొద్దు, ఏ ప్రాజెక్టూ అంత విలువైంది కాదు). దాన్ని బకెట్ నీళ్లలో బాగా కలిపితే ఇసుక వెంటనే అడుక్కి దిగుతుంది. పైన ఉన్న బురదనీళ్లని వేరే గిన్నెలోకి వంపి రాత్రంతా కదపకుండా ఉంచితే మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది. పైన తేటనీళ్లు పారబోసి, అడుగుది ఎండబెట్టి, నూరి, గుడ్డలో జల్లించాలి. ఒక వంతు తుమ్మబంకని రెండు వంతుల వేడినీళ్లలో కరిగించి, వడగట్టి ఈ పొడిలో కలిపితే వాటర్‌కలర్ తయారు. నాలుగు చుక్కల తేనె వేస్తే పగుళ్లు తగ్గుతాయి, ఒక చుక్క లవంగనూనె వేస్తే బూజు పట్టదు. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించే రంగు ఆరాక బాగా లేతబడుతుంది, అందుకే ప్రతి మచ్చ పక్కన తడి ఫోటో, ఆరిన ఫోటో రెండూ అంటించాను.

కాగితం మీద బాగానే వచ్చింది గానీ ఎవరో వేసిన బొమ్మలాగే ఉంది, నీళ్లు చేసిన పనిలా లేదు. అప్పుడు కోరా గుడ్డ తీసుకుని, గంజి పోయేలా ఉడికించి, జానెడు వెడల్పు పట్టీలుగా చింపాను. ఒక్కో పట్టీ పొడవు ఒక్కో మనిషి ఎత్తు. చెరువులకి వాడే పీవీసీ పైపు ముక్కని నిలబెట్టి, అడుగున క్యాప్ బిగించి, ఆ మనిషి చూపించిన మట్టం దాకా ఒండ్రు నీళ్లు పోసి గుడ్డని అందులోకి దించాను. ఒండ్రు నెమ్మదిగా కిందికి దిగుతుంది కాబట్టి గుడ్డ అడుగున ముదురుగా, పైకి వచ్చేకొద్దీ పలచగా రంగు పట్టింది. పైగా గుడ్డ నీటిని పీల్చుకుని మట్టం కంటే కాస్త పైదాకా తడిసి, ఆరాక అక్కడ సన్నటి అంచు గీత మిగిలింది. వరద తీశాక ఇంటి గోడల మీద చెమ్మ పైకి ఎక్కేది కూడా ఇలాగే. ఆ గీత చూశాక ఇక కుంచె పట్టుకోలేదు.

పరిశోధన విషయానికొస్తే, పని చేస్తూండగా పుట్టిన ప్రశ్నలకే వెతకండి. గుడ్డ మీద రంగు పాకకుండా ఎలా ఆపాలి అనే ప్రశ్న నన్ను కలంకారీ వైపు తీసుకెళ్లింది. కలంకారీ వేసేవాళ్లు గుడ్డని కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన నలుపు ఆ కరక్కాయ గుడ్డ మీద పడితే చిక్కటి నలుపు తేలుతుంది. నేను ఆ నలుపుతో మట్టం దగ్గర చిన్న గుర్తు పెట్టాను. నది బురదతో పనిచేసిన కళాకారుల గురించి ట్యూటర్‌ని అడిగితే రిచర్డ్ లాంగ్‌ని చూడమన్నారు. ఆయన ఇంగ్లండ్‌లో ఏవన్ నది బురదని చేతులతో గోడలకి పూసి పనులు చేశారు. ఆయన దాంట్లో చెయ్యి కదిలిన వేగం కనిపిస్తుంది, నాకు కావలసింది కదలని మట్టం. ఈ తేడాని స్కెచ్‌బుక్‌లో రాసిన పేజీకే మంచి ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ఒకరి జీవితచరిత్ర కాపీ చేసి పెట్టడం కంటే, వాళ్ల పనికీ మీ పనికీ ఏం కలుస్తుంది, ఏం కలవదు అని నాలుగు వాక్యాలు రాయడం ఎంతో మేలు.

ఒక్కసారి రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ కూడా చూసి రండి. ఆయన 1925లో ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే చనిపోయిన మన గోదావరి చిత్రకారుడు. తెర మీద బొమ్మలు చూసి చూసి, అసలు బొమ్మ ముందు నిలబడి దాని సైజు, రంగు పొర చూడటం వేరు. ఆన్‌లైన్ చదువులో ఉండే పెద్ద లోటు ఇదే, దాన్ని మనమే పూడ్చుకోవాలి.

ట్యూటర్‌తో మాట్లాడేటప్పుడు "బాగుందా?" అని అడగకండి. "ఈ మూడు ముక్కల్లో నీటి మట్టం దేంట్లో బాగా తెలుస్తోంది?" అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది. కాల్‌కి రెండు రోజుల ముందే ఫోటోలు, ఒక్కో ఫోటోకి రెండు లైన్ల వివరం పంపండి. వివరణ పేజీని చివరి రోజుకి ఉంచొద్దు. ప్రతిసారీ పని అయ్యాక, ఇది ఎందుకు వదిలేశాను, అది ఎందుకు ఉంచాను అని తేదీ వేసి రాసుకుంటే ఆ పేజీ చాలావరకు అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

ఇక ఫోటోల సంగతి. తెర మీద ఆరడుగుల గుడ్డ కూడా అరచేతంత కనిపిస్తుంది. పొద్దున పూట వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా, పని పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఒక ఫోటో తీయండి. తర్వాత దగ్గరగా, నేత పోగులు కనిపించేలా ఇంకొకటి. నా గుడ్డ పట్టీలని పైపులోంచి బయటికి లాగేటప్పుడు తీసిన చిన్న వీడియో కూడా జతచేశాను, ఏ రంగు ఎలా పట్టిందో మళ్లీ ఎవరూ అడగలేదు.