చిరంజీవి అని రాస్తూ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఆరు కథలూ అందాయి. కథల సంగతికి వచ్చేముందు, ఉత్తరం చివర సిగ్గుపడుతూ రాసినట్టున్న ఒక్క వాక్యానికి జవాబు చెప్పాలి. నేను పోయిన తరువాత కూడా నా పేరు మిగలాలన్న కోరికతోనే రాస్తున్నాను, ఇది తప్పా అని అడిగావు. తప్పు కాదు. అటువంటి కోరిక తమకు లేదని చెప్పే రచయితలను చాలామందిని చూశాను, వారి ఇళ్ల గోడలకు సన్మానపత్రాలు ఎంత వరుసగా వేలాడుతుంటాయో కూడా చూశాను. అసలు చిన్నవాళ్లకు మనం ఉత్తరం మొదలుపెట్టే మాటలోనే ఆ కోరిక ఉంది. కాకపోతే పురాణాలు చెప్పే ఏడుగురు చిరంజీవులలో అశ్వత్థామ కూడా ఒకడనీ, అతనికి చావు లేకపోవడం శాపమనీ మనం ఆ మాట రాసేటప్పుడు తలుచుకోము.

నీ ప్రశ్నకు నువ్వే జవాబుగా పోతన పద్యాన్ని ఎత్తి రాశావు. ‘కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?’ అని మొదలుపెట్టి ‘భూమిపైఁ బేరైనం గలదే?’ దగ్గర ఆపేశావు. చాలామంది అక్కడే ఆపుతారు. వామనుడికి దానం ఇవ్వవద్దని శుక్రాచార్యుడు వారించినప్పుడు బలి చెప్పిన ఆ పద్యానికి ఇంకా సగం ఉంది. కీర్తిని కోరి శిబి మొదలైనవారు ప్రీతితో ఇచ్చారు కదా, వారిని ఈ కాలంలోనైనా మరిచారా అని బలి అడుగుతాడు. ‘యశఃకాములై’ అన్న మాటను అతడు దాచలేదు. వారు పేరు కోరుకున్నారని ఒప్పుకుంటూనే, సిరి మూటగట్టుకోజూసినవారి పేరు పోయిందనీ, ఇచ్చినవారి పేరు మిగిలిందనీ తేల్చాడు. కాబట్టి నువ్వు అడగవలసిన ప్రశ్న, నీ దగ్గర ఇవ్వడానికి ఏముంది అన్నది.

జ్ఞాపకం ఎంత దూరం నడుస్తుందో తెలుసుకోవడానికి గ్రంథాలు అక్కరలేదు. తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెబుతాం. నాలుగో పేరు ఎవరూ అడగరు. నేను మొదటిసారి తద్దినం పెట్టిన రోజున మా నాయనమ్మ అత్తగారి పేరు తెలియక, పురోహితుడిని కూర్చోబెట్టి మేనత్తకు ఫోన్ చేయవలసి వచ్చింది. సొంత రక్తమే మూడు తరాల దగ్గర గీత గీసిన చోట, ముక్కూ మొహం తెలియని పాఠకుడి నుంచి నువ్వు అంతకన్నా ఎక్కువ ఆశిస్తున్నావు.

అయినా కొన్ని రచనలు ఆ గీత దాటాయి. ఎలా దాటాయన్నది రచయితలు తగినంత ఆలోచించని విషయం. తాటాకు కొన్ని వందల ఏళ్లకు మించి నిలవదు. మన తేమలో, చెదల మధ్య అంతకాలం కూడా ఆగదు. పదకొండో శతాబ్దపు నన్నయ పద్యం మన చేతికి వచ్చిందంటే, ఆకు శిథిలమైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఘంటం పట్టుకొని కొత్త ఆకుల మీదికి దాన్ని ఎక్కించారన్నమాట. ఆ లేఖకులు రాతప్రతి చివర రాసుకొనే శ్లోకం ఒకటుంది: వీపు, నడుము, మెడ విరిగి, చూపు నిలిచిపోయి, తల వంచుకొని కష్టంతో రాసిన గ్రంథమిది, జాగ్రత్తగా కాపాడండి అని. తమను తలుచుకోమని అందులో అడగలేదు.

ఎఱ్ఱన చేసినది నాకు ఇంకా వింతగా తోస్తుంది. నన్నయ మహాభారతాన్ని తెనిగిస్తూ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిన ఖాళీని పూరించిన ఎఱ్ఱన, దాన్ని తన కాలపు ప్రభువుకు అంకితమివ్వక, సుమారు మూడు వందల ఏళ్ల కిందట గతించిన, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడి పేరిటనే, నన్నయ రచనగానే ముగించాడు. నేనైతే ఆ పని చేయగలిగేవాడిని కాను.

రాగి మీద చెక్కించినా అంతే. అన్నమయ్య మొదలైన తాళ్లపాక వారి సంకీర్తనలు రెండు వేలకు పైగా రాగిరేకుల మీద తిరుమల ఆలయంలోని భాండారంలో ఉండేవి. కానీ శతాబ్దాల పాటు చీకట్లో ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు గత శతాబ్దంలో కూర్చొని చదివి, పరిష్కరించేదాకా వాటిలో చాలా కీర్తనలు ఎవరి నోటా లేవు. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఇవాళ మనం వినే వరుసలు చాలావరకు ఈ కాలం వారు కట్టినవే.

ఇక నీ కథలు. వాటిలో నాలుగింటి చివర ‘రాబోయే తరాలు’ అన్న మాట ఏదో ఒక రూపంలో కనిపించింది. పాత్ర చావుబతుకుల్లో ఉండగా నువ్వు కిటికీలోంచి భవిష్యత్తు వంక చూస్తున్నావు. గురజాడ 1897లో ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకు రాసిన పీఠిక చూడు. విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితా ప్రకారం విశాఖ తీరాన మూడేళ్లలో 1034 శుల్క వివాహాలు జరిగాయనీ, వాటిలో ఐదేళ్ల వయసున్న పెళ్లికూతుళ్లే 99 మంది అనీ అందులో లెక్క ఉంది. ఆయన చూపు ఎటువైపు ఉన్నదో ఆ అంకెలు చెబుతాయి.

నీ ఐదో కథలో అమ్మమ్మ మేడ మీద వడియాలు పెడుతూ, కాకిని అదిలించబోయి, దానికి తన తమ్ముడి నడక ఉన్నదని ఆగిపోతుంది. ఆ పేరా రాస్తున్న పదినిమిషాలూ నీకు నీ పేరు గుర్తుండి ఉండదు.

పెన్సిలు గుర్తులతో అయిదు కథలు తిప్పి పంపుతున్నాను. కాకి పేరా ఉన్న కథను నా దగ్గరే ఉంచుకున్నాను. మెడనొప్పి వల్ల ఈ మధ్య చేతితో రాయడం మానేశాను గానీ, ఆ పేరాను మాత్రం నా నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. రాసిన మరునాడు చూస్తే కింద నీ పేరు వేయడం మరిచిపోయాను.